నాయన మడమలు

డిగ్రీ పాసయ్యానన్న కబురుతో తిరుపతి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చాను. మా వంశంలో పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే.

నాయన నవ్వాడు. "రేపే అలిపిరి మెట్లెక్కాల. నువ్వు పాసయితే ఉత్త కాళ్లతో వస్తానని మొక్కినా."

నా చూపు ఆయన పాదాల మీదికి పోయింది. నాయనకు పదేళ్లుగా షుగరు. మడమలు ఎండి పగిలాయి. అవ్వకూ అలాంటి పగులే చీముపట్టి, కాలు తీసేశారు. ఆ తర్వాత కూడా ఆమె, లేని పాదం దురద పెడుతోందని మంచంకోడు గోకేది. ఆ చప్పుడు నన్నింకా వదల్లేదు.

నాయన మడమలకు కొబ్బరినూనె రాయబోతే, పగుల్లో గాజుపెంకు తగిలింది.

"నొప్పి లేదా నాయనా?"

"యాడ? ఆడేముండాది?"

పెంకు తీసి చూపించాను. నాయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"నా సదువుకే కదా మొక్కినావు. ఉత్త కాళ్లతో నేనెక్కుతా. నువ్వు సెప్పులేసుకుని బస్సులో రా" అన్నాను.

"మొక్కు మార్చుకునేదానికి అదేమన్నా బస్సులో సీటా?" అన్నాడు. మళ్లీ ఆ పెంకు వైపు చూసి, "సరే, నువ్వే ఎక్కు" అన్నాడు.

ఆ కాలికి గుడ్డ చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారంతా నాయన ఆటో అతనికి నేను పాసైన సంగతే చెప్పాడు. నేను ఆ పాదాన్ని ఒళ్లోంచి దించలేదు.