తగ్గిందన్న మాట

ఈ ఉదయం భర్త రిపోర్టు కోసం పుల్లలచెరువు నుంచి వచ్చిన ఒకావిడ, కాగితం ఇంకా నా చేతిలో ఉండగానే "తగ్గిందా అన్నా?" అని అడిగింది. మార్కాపురంలో ల్యాబు పెట్టుకుని ఇన్నేళ్ళుగా నెత్తురు పరీక్షలు చేస్తున్నా, ఆ ప్రశ్నకు నేను వెంటనే నోరు తెరవను. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చెబుతాను. ఓపిక లేకపోయినా అట్లాగే చెబుతాను. దానికి కారణం మా మేనమామ.

మామకు కొనకనమిట్ల దగ్గర పల్లెలో గొర్రెలుండేవి. మంద వెంట పోయేటప్పుడు భుజాన కర్ర, నడుములో క్వార్టరు సీసా. మనిషి మాత్రం మంచివాడు. మా వైపు తాగుబోతులందరికీ ఇచ్చే బిరుదే అది. కామెర్లొచ్చి కళ్ళు పచ్చబడిన ఏడాది పసరు మింగి, ఉప్పూ నూనే మానేసి, సీసా ఒక్కటి మానకుండా గొప్ప పథ్యం చేశాడు. పాదాలు వాచాక అత్త నా దగ్గరికి లాక్కొచ్చింది. సూది గుచ్చుతుంటే "ఏంది అల్లుడా, వాసనొస్తాందా?" అని నవ్వాడు. వాసన రాలేదు గానీ, లివరు పరీక్షల్లో తాగేవాళ్ళను పట్టించే జీజీటీ ఆకాశంలో ఉంది. ఎస్‌జీపీటీకి రెండింతలు దాటి ఎస్‌జీఓటీ. అదీ తాగుడు చేసే పనే. డాక్టరు ఇక చుక్క ముట్టొద్దన్నాడు. అత్త అక్కడికక్కడే మామ చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. "తగ్గేదాకా ముట్టను, నీ మీద ఒట్టు" అన్నాడు మామ. ఎవరమూ నమ్మలేదు. రెండు నెలలు నిలబెట్టుకున్నాడు.

రెండోసారి పరీక్ష చేసిననాడు ల్యాబు నిండా జనం. అత్త ఫోను చేస్తే, చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి "ఆల్బుమిన్ తగ్గింది అత్తా, డాక్టరు దగ్గరికి రండి" అని పెట్టేశాను. ఆల్బుమిన్ అంటే లివరు తయారు చేసే మాంసకృత్తు. అది తగ్గిందంటే లివరు చేతులెత్తేస్తోందని. అత్తకు వినబడింది మాత్రం తగ్గింది అన్న ఒక్క మాటే. మూడోనాడు నేతి డబ్బాతో వచ్చింది.

"తగ్గిందంటివి కదా నాయనా. మీ మామ ఒట్టు తీసి గట్టు మీద పెట్టినాడు. పోనీలే, ఇన్నాళ్ళు ఆగినాడని నేనూ ఏమనలేదు."

ఆ పూటే బండి వేసుకుని పోయాను. మామ మంచంలో కూర్చుని, "నువ్వే గదరా తగ్గిందంటివి" అన్నాడు. బతిమాలాను, తిట్టాను, సిగ్గు లేకుండా ఏడ్చాను. మళ్ళీ ఒట్టు వేయలేదు. వానలు పడకముందే పోయాడు.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. కర్మలు అయ్యాక నా పక్కన కూర్చుని, "ఆ రెండు నెల్లే నాయనా, నేను కాపురం చేసింది. పొద్దుగూకితే ఇంటికొచ్చి, అన్నం తిని, నాతో మాట్లాడినాడు" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకు దక్కిన కాలం రెండు నెలలు. అది మూడో నెలలోకి పోకుండా ఆపింది నా నోటిమాటే.