ఐదు థ్రెడ్లు, రెండు హాల్‌టికెట్లు

ఇంటర్ ఫలితాల రోజు పొద్దున పదిన్నరకే మా ఇంటర్నెట్ సెంటర్ మెట్ల మీద నిలబడ్డ జనం రోడ్డు దాకా వచ్చారు. నిజామాబాద్ బస్టాండుకు నాలుగు దుకాణాల అవతల, మొదటి అంతస్తులో ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, అన్నిటికీ కలిపి ఒకే టెలిఫోన్ లైను. రెండు వేల సంవత్సరం దాటి కొద్ది కాలమే అయింది. నేను కంప్యూటర్స్‌తో డిగ్రీ ముగించి, బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ పని చేసేవాణ్ణి.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఖాళీ దొరికితే జాబితా రాస్తాను. అంతకుముందు ఏడాది ఫలితాల రోజున కూడా రాశాను: నంబరు కొట్టడానికి ఐదు సెకన్లు, పేజీ రావడానికి నలభై, ప్రింటుకు పదిహేను. సాయంత్రమైనా జనం తగ్గలేదు. ఆ నలభై సెకన్లు నన్ను ఏడాది పొడుగునా కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ చలికాలంలో పైథాన్ నేర్చుకున్నాను. అదొక స్క్రిప్టింగ్ భాష. నాలుగు లైన్లు రాసి అక్కడికక్కడే నడిపి చూసుకోవచ్చు, కాలేజీలో చెప్పిన భాషల్లాగా కంపైల్ చేసి ఎదురుచూడనక్కర్లేదు. హాల్‌టికెట్ నంబర్ల జాబితా ఇస్తే, ఒక్కొక్కటే పంపి, మార్కులు తెచ్చి, చిట్టీలు ప్రింటు చేసే ప్రోగ్రాం రాశాను. కానీ అదీ నలభై సెకన్లు నిలబడేది. దాని పనిలో ఎక్కువ భాగం పని కాదు, ఎదురుచూపు. ఒక నంబరుకు జవాబు వచ్చేలోపు ఇంకో నంబరు పంపొచ్చు కదా అనిపించింది. ఒకే ప్రోగ్రాంలో ఇలా పక్కపక్కన సాగే పనులనే థ్రెడ్లు అంటారు. పైథాన్‌లో ఎన్ని థ్రెడ్లు పెట్టినా ఒక క్షణంలో నడిచేది ఒక్కటే. అన్నిటికీ కలిపి తాళం లాంటిది ఒకటే ఉంటుంది, అది చేతిలో ఉన్నదే నడుస్తుంది, మిగతావి ఆగుతాయి. అయితే జవాబు కోసం ఎదురుచూసే థ్రెడ్ ఆ తాళాన్ని పక్కదానికి వదిలేస్తుంది. నాకు కావలసింది అంతే.

మా బాపు బోధన్ అవతల ఒక చక్కెర మిల్లులో కాంటా దగ్గర గుమస్తా. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు తూకానికి వచ్చే చోటు. ఒక సాయంత్రం ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని చూశాను.

"ఐదు బండ్లు, ఒకటే కాంటా అనుకో బాపూ. ఒకటి కాంటా మీదుంటె మిగిలినయి ఆగుతయి. గంతే."

"మరి బిళ్ళలేయి?" అన్నాడు బాపు.

మిల్లు గేటు దగ్గర ప్రతి బండికీ నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఇస్తారు. దాన్ని కాడికి కట్టేస్తారు. తూకం అయ్యేదాకా విప్పరు.

"బిళ్ళలెందుకు? ఏది ముందట పోయిందో నేను రాసుకుంట గదా. గదే వరుసల వస్తయి."

"లైను ఎన్నడన్నా లైను లెక్క ఉంటదారా? ఒకడు చాయ్ తాగ పోతడు. ఒకని ఎద్దు కుంటుతది. ఒకని ట్రాక్టర్ టైర్ల గాలి పోతది. ఎనుక బండి ముంగటికొస్తది. బిళ్ళ బండికి కట్టాలె, నీ నోట్‌బుక్కుకు కాదు."

"కంప్యూటర్ల ఎద్దులుండయి బాపూ."

"అయితె మంచిదే," అని నవ్వి బాపు బీడీ ముట్టించుకున్నాడు.

నేను రెండు జాబితాలు పెట్టాను. ఒకదాంట్లో పంపిన నంబర్లు, పంపిన వరుసలో. ఇంకోదాంట్లో వచ్చిన మార్కులు, వచ్చిన వరుసలో. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది జతపడతాయి. థ్రెడ్లకు మధ్య రెండేసి సెకన్ల ఎడం కూడా పెట్టాను. బోర్డు పేజీలో విద్యార్థి పేరు ఉంటుంది, కానీ చిట్టీ చిన్నదిగా ఉండాలని పేరు తీసేశాను. నంబరు, మార్కులు చాలు. ఇంకు కలిసొస్తుందని సెంటర్ ఓనర్ మెచ్చుకున్నాడు. పాత ఏడాది నంబర్లతో ఒక మధ్యాహ్నం ఇరవై సార్లు నడిపి చూశాను. ఇరవై సార్లూ వరుస తప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆ పేజీని ఇంకెవరూ చూడటం లేదన్న సంగతి మాత్రం నేను జాబితాలో రాసుకోలేదు.

ఫలితాల రోజుకు మళ్ళీ వస్తాను. మా ఓనర్ మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు.

"ఒగల మీద ఒగలు పడకుండ్రి! మార్కులు ఏడికీ ఉరికిపోవు!"

వచ్చినవాళ్ళు రిజిస్టర్‌లో పేరు, ఊరు, హాల్‌టికెట్ నంబరు రాసి పక్కన నిలబడుతున్నారు. ఐదు నంబర్లు కొట్టడం, ఐదు చిట్టీలు చింపడం. పోయినేడు గంట పట్టిన పని ఈసారి పావుగంటలో అవుతోంది. నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన ఒక అబ్బాయికి చిట్టీ ఇచ్చాను. ఫస్ట్ క్లాస్. లెక్కల్లో తొంభైకి పైన. అతను చిట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, నాదేనా గిది? జర మల్ల సూడు."

"నోర్ముయ్‌రా, వచ్చినయి తీస్కో!" అని స్నేహితులు అతన్ని భుజాల మీదికి ఎత్తుకుని దిగిపోయారు.

వెంటనే తర్వాతి చిట్టీ ఒక అమ్మాయిది. మోస్రా నుంచి తల్లితో వచ్చింది. ఇద్దరి బట్టల నుంచీ బీడీ తంబాకు వాసన వస్తోంది. నంబరు ఆమె అరచేతిలో రాసుకుని ఉంది. లెక్కల్లో ఫెయిల్.

"ఇది నాది కాదు," అంది.

"నంబరు నీదేనా?"

"నంబరు నాదే. మార్కులు నాయి కావు."

"కంప్యూటర్‌కు నీ మీద పగుంటదా చెల్లె?" అన్నాను. వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది కూడా. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "పా బిడ్డ, వర్ని బస్సు పోతది," అని లాక్కుపోయింది. మెట్లు దిగుతూ ఆ అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు, మానిటర్‌ను.

ఒంటి గంటకు జనం పలచబడ్డారు. అప్పుడైనా కుదురుగా కూర్చుని అన్నం తినాల్సింది. థ్రెడ్లు ఉంటే ఎంత తొందర, లేకుంటే ఎంత ఆలస్యం అని చూడాలనిపించి, పొద్దున నడిచిన నంబర్లన్నిటినీ పాత పద్ధతిలో ఒక్కొక్కటిగా మళ్ళీ నడిపాను. అప్పటికి అందరూ చూసేసుకున్నారేమో, పేజీలు వెంటవెంటనే వచ్చాయి. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చాను. సమయం మాత్రమే తేడా రావాలి.

రెండు లైన్లలో మార్కులు తేడా వచ్చాయి. రెండే. ఒకదాని కింద ఒకటి ఉన్న నంబర్లు.

రిజిస్టర్ తెరిచాను. కమ్మర్‌పల్లి. మోస్రా. ఇద్దరికీ ఫోన్ నంబర్లు లేవు.

మూడోసారి చేత్తో కొట్టి, పేర్లతో సహా పూర్తి పేజీలు తెరిచి చూశాను. ఫస్ట్ క్లాస్ ఆ అమ్మాయిది. ఒక్క జవాబు దారిలో ఆగింది, వెనకది ముందు వచ్చింది. ఎనుక బండి ముంగటికొచ్చింది.

ఫలితాల మర్నాడు పేపర్ల లోపలి పేజీల్లో వచ్చే చిన్న చిన్న వార్తలు నేనూ చదివినవాణ్ణే.

ఓనర్ నా మొహం చూసి, "ఏమాయెరా?" అన్నాడు. చెప్పాను. ఆయన రిజిస్టర్ తన వైపు తిప్పుకుని రెండు ఊళ్ళ పేర్లూ చదివాడు.

"రేపు పొద్దుగాల పోరాదు?"

"రేపటి దాక ఆగుడు నాతోని గాదన్న."

"మరి గీడెందుకున్నవ్? పేర్లున్న ప్రింట్లు తీస్కొని ఉరుకు."

మోస్రా పడమర, కమ్మర్‌పల్లి తూర్పున ఆర్మూర్ అవతల. ఐదు థ్రెడ్లు పెట్టినవాణ్ణి, వెళ్ళడానికి నేనొక్కణ్ణే. ఎక్కువ భయం ఎటు ఉందో అటు వెళ్ళే బస్సు ఎక్కాను.

రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు రెండో పక్కన మెల్లగా పాకుతోంది. కండక్టర్ ఒక ముసలమ్మతో మూట గురించి వాదిస్తున్నాడు. నేను సీటు అంచున కూర్చున్నాను, లేచి తలుపు దగ్గర నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. జేబులోంచి నోట్‌బుక్ తీసి ప్రోగ్రాం సరిచేశాను. చేయాల్సింది ఎంతో లేదు. ప్రతి థ్రెడ్ తన నంబరును తన వెంటే ఉంచుకుని, మార్కులతో కలిపి ఇవ్వాలి. అప్పుడు ఏది ముందొచ్చినా పరవాలేదు. రెండు లైన్లు. రాయడానికి అర నిమిషం పట్టింది. బాపు అదే సంగతి చలికాలంలోనే చెప్పాడు. నోట్‌బుక్ మూసేశాను.

మోస్రాలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తల్లి నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు గా కంప్యూటర్ పిలగానివి గాదు?"

"అమ్మాయి ఏది అవ్వా?"

"ఏడుందో నాకేమెర్క? బస్సు దిగుడుతోనే చిట్టీ నా మొకాన కొట్టి, సైకిలేస్కొని పోయింది. చెప్తె ఇంటదా?"

పక్కనున్న ముసలామె చేతిలో ఆకు తిప్పుతూనే, "కెనాల్ దిక్కు పోంగ సూసిన," అంది.

కాలువ వైపు పరుగెత్తాను. చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేశాను. కాలువ గట్టు మీద మట్టి రోడ్డు. ఎవరూ లేరు. కాలువలో నీళ్ళు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఇటు వంద అడుగులు, అటు వంద అడుగులు నడిచాను. అరుద్దామంటే రిజిస్టర్‌లో చదివిన పేరు నోటికి రావడం లేదు. నంబరు మాత్రం ఎనిమిది అంకెలూ గుర్తున్నాయి.

వర్ని వైపు నుంచి సైకిల్ వచ్చింది. ఆ అమ్మాయే. నన్ను చూసి దిగలేదు, ఒక కాలు నేలకు ఆనించి నిలబడింది.

"మీరు గీడికెందుకొచ్చిన్రు?"

ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చూసి, అరచెయ్యి తిప్పి చూపించింది. నంబరు కింద కొత్తగా రాసిన మార్కులు.

"నాకెర్కే. వర్నిల మా లెక్కల సార్ ఇంటికి పోయిన. సార్ ఎవలికో ఫోన్ చేసి నా పేరుతోని కనుక్కున్నడు."

అరచేతిలో ఉన్నవీ, కాగితం మీద ఉన్నవీ ఒక్కొక్క సబ్జెక్టే సరిచూశాను. అన్నీ కలిశాయి. అలాగే గట్టు మీద కూర్చుండిపోయాను.

"తప్పు నాదే చెల్లె. కంప్యూటర్‌ది గాదు."

"గదే అనుకున్న," అంది. ప్రింటు మడుస్తూ, "మరి గా ఫెయిలైన మార్కులు ఎవలియి?"

"కమ్మర్‌పల్లి పిలగానియి. నీ ముందట నిలబడ్డడు."

"భుజాల మీద ఎత్తుకపోయిన్రు, గాయనా? గాయనకు చెప్పిన్రా?"

"ముందు నీ కాడికే వచ్చిన."

"నేనంటె తక్కువొచ్చినయి గాబట్టి కాదన్న. ఎక్కువొచ్చినోడు కాదని ఎందుకంటడు?"

అతనూ అన్నాడు. జర మల్ల సూడు అన్నాడు. నేనే వినలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

"ఇంక కూసున్నరేంది? గీ బస్సు పోతె మల్ల గంట దాక లేదు. ఉరుకున్రి. చెప్పులేడబోయినయి?"

నిజామాబాద్‌లో ఒక జత చెప్పులు కొని, ఆర్మూర్ బస్సు ఎక్కాను. ఆర్మూర్‌లో షేర్ ఆటో. డ్రైవర్ పక్కన సగం సీటు మీద, పసుపు సంచికి మోకాలు ఆనించి కూర్చున్నాను. మోస్రా వెళ్ళేటప్పుడు త్వరగా చేరాలనుకున్నాను. ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఆటో ఆగుతుంటే బాగుండుననిపించింది, ఆగినప్పుడల్లా చిరాకేసింది.

చీకటి పడే వేళకు చేరాను. అప్పుడే రంగు వేసిన కొత్త డాబా. దుబాయ్‌లో తండ్రి సంపాదించి కట్టించిందని ఆటో డ్రైవర్ చెప్పాడు. గేటు దగ్గర ఆ అబ్బాయి పేడాల డబ్బాతో నిలబడి ఉన్నాడు.

"అన్నా! నువ్వొచ్చినవా! నోరు తీపి చేస్కో," అని ఒక పేడా నా చేతిలో పెట్టాడు.

దాన్ని పట్టుకునే చెప్పాను. రెండో ప్రింటు ఇచ్చాను. గేటు మీది బల్బు కింద అతను దాన్ని చాలాసేపు చదివాడు.

"లెక్కల పేపర్ సగం ఖాళీ ఇడిసిన," అన్నాడు చివరికి. "పొద్దట్నించి నాకే సమజైతలేదు, ఎట్లొచ్చినయని."

"జూన్‌ల మల్ల రాయొచ్చు..."

"గది గాదన్న. దుబాయ్‌కు ఫోన్ చేసి మా బాపుకు చెప్పిన. ఏడ్సిండు. రూముల ఉన్నోళ్ళందరికి స్వీట్లు పంచిండట." డబ్బా మూత పెట్టాడు. "ఇప్పుడు నేను కాదంటె, పొద్దుగాల అబద్ధమాడిన అనుకుంటడు. నువ్వు చెప్పాలె."

వీధి మలుపులో ఎస్‌టీడీ బూత్. అతనే నంబరు కొట్టి, రిసీవర్ నాకిచ్చాడు. ఎక్కడో రింగవుతోంది. పొద్దున్నుంచి నేను నంబర్లతోనే మాట్లాడుతున్నాను. ఎవరో తీసి, ఎవరినో పిలిచారు. "హలో," అని ఒక గొంతు వచ్చింది.

ముందు వాళ్ళబ్బాయి పేరు చెప్పాను. తర్వాత నా పేరు. తర్వాత తప్పు ఎలా జరిగిందో థ్రెడ్లూ పైథానూ లేకుండా చెప్పాను. మార్కులు చివర చదివాను.

"పిలగాడు అబద్ధమాడలేదు గదా?"

"లేదు కాకా. నన్ను మల్ల సూడమన్నడు. నేనే సూడలేదు."

"ఆడనే ఉన్నడా?"

"పక్కనే ఉన్నడు."

"వానికియ్యి."

ఆ అబ్బాయి రిసీవర్ తీసుకుని గోడ వైపు తిరిగాడు. నేను బూత్ బయటికి వచ్చి నిలబడ్డాను. నా ఎడమ చేతిలో పేడా ఇంకా అలాగే ఉంది, వేళ్ళకు కరిగి అంటుకుంది.