మా మిద్దె దిగివచ్చిన పిజ్జా పిండి

ఒక ఆదివారం నేను మా అత్తగారి పరువును మిద్దె ఎక్కించి, అక్కడినుంచి బొట్లుబొట్లుగా వాకిట్లోకి జార్చిన వైనం చెబుతాను. తినాల్సిందేదో ముందే తినేసి రండి. చదివాక పిజ్జా మీద మనసు విరిగితే నా పూచీ లేదు.

అప్పటికి నాకు పెళ్లయి మూడు నెలలు. కడపలో పుట్టి పెరిగి, కోసిగి దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. మా అత్తగారు సుందరమ్మ. మనిషి సన్నగా ఉంటుంది గానీ, జొన్నరొట్టె తట్టిందంటే ఆ చప్పుడుకు వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంటుంది. నేను తట్టిన రొట్టె మాత్రం ఆంధ్రప్రదేశ్ పటంలా వచ్చేది, అదీ నాలుగు ముక్కలై. ఆ అవమానం కప్పిపుచ్చుకోబోయి ఒకరోజు నోరు జారాను.

"అత్తా, నాకు రొట్టె రాదు గానీ పిజ్జా బాగా వస్తాది."

నిజానికి నాకు వచ్చింది పిజ్జా తినడం ఒక్కటే. పాపం, ఆమె నమ్మింది. నమ్మి ఊరుకుందా? చర్చి అయ్యాక స్త్రీల కూటం మా ఇంట్లో జరగాల్సిన ఆదివారానికి, "మా కోడలు పిజ్జా చేస్తాది, అందరూ రాండి" అని పన్నెండు మందికి చెప్పి వచ్చింది.

మా ఆయన ఆదోని నుంచి ఈస్ట్ పొట్లం తెచ్చాడు. ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాను. అందులో ఒకావిడ రెండు చెంచాలు వేయమంది. ఆవగింజల కంటే చిన్న పలుకులు, రెండు కిలోల మైదాను ఇవేం లేపుతాయిలే అని జాలిపడి పొట్లమంతా గుమ్మరించాను.

"ఇప్పుడు పిండిని గంటసేపు వెచ్చని చోట ఉంచండి" అంది ఆవిడ. ఆవిడ కిటికీ బయట మంచు కురుస్తోంది. మా ఊళ్లో మే నెల. వంటింట్లో గట్టు మీద పెట్టినా చాలు. కానీ నేను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషిని. ఊరు మొత్తంలో అన్నిటికంటే వెచ్చని చోటు వెతికి, మిద్దె మీద పిట్టగోడ పక్కన బేసిన్ పెట్టి, మూత వేసి చర్చికి వెళ్లాను.

ఆరోజు ఆరాధన రెండున్నర గంటలు సాగింది.

పన్నెండు మంది ఆడవాళ్లతో, ముందు పాస్టరమ్మతో, మేం వీధి మలుపు తిరిగేసరికి పక్కింటి ఖాసింబీ అరుస్తోంది. "ఓ సుందరమ్మా! మీ మిద్దె మీదనుంచి ఏందో దిగొస్తాండాది, చూడు!"

చూశాను. వాననీళ్లు పోయే గొట్టంలోంచి తెల్లటి నాలుక ఒకటి బయటికి వేలాడుతోంది. దాని కొసనుంచి ఒక్కో ముద్దా తెగి వాకిట్లో పడుతోంది.

పాస్టరమ్మ గాలి పీల్చి ఆగిపోయింది. "సుందరమ్మా, మీ ఇంట్లో కల్లు వాసనొస్తాండాదే?"

మూడు తరాలుగా చుక్క ముట్టని ఇల్లది. పన్నెండు జతల కళ్లు ఒక్కసారిగా మా వెనకే వస్తున్న మా ఆయన మీదికి మళ్లాయి. ఆయన, పాపం, ఏ తప్పూ చేయకుండానే తల దించుకున్నాడు. దాంతో అనుమానం ఇంకా బలపడింది.

మా అత్తగారు గబగబా మెట్లెక్కింది. వెనకాలే నేను. పైన మూత ఒక మూల, పిండి ఇంకో మూల. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తా, నాకు పిజ్జా రాదు. అబద్ధం చెప్పినా."

"ఏడ్సేది మళ్ల ఏడ్సొచ్చులే. ముందు బేసిన్ ఆ పక్క పట్టు." వేలితో పిండిని పొడిచి చూసింది. "పులిసిపోయింది, అంతే గదా. దోసెపిండి పులిస్తే పారేస్తామా?"

తర్వాత పిట్టగోడ మీదినుంచి కిందికి వంగి కేకేసింది. "తాగింది పిండి పాస్టరమ్మా! మనుషులు కాదు!"

కింద నవ్వులు పేలాయి. మా ఆయన తలెత్తాడు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పొర్లిపోయినది, ఎండకు పొక్కు కట్టినది తీసేసి, బేసిన్ అడుగున మిగిలిన మంచి పిండిని కిందికి దించింది. పిడికిలితో నాలుగు గుద్దులు గుద్దేసరికి అందులోని గాలంతా దిగింది. రెండు దోసిళ్ల జొన్నపిండి, ఉప్పు కలిపి మెదిపింది. నా దగ్గర తాగుబోతులా వీధిన పడ్డ పిండి, ఆమె అరచేతుల మధ్య బడిపిల్లలా బుద్ధిగా గుండ్రంగా తిరిగింది. పెనం మీద ఒక పక్క కాల్చి తిప్పి, టమోటా, ఎర్రగడ్డ, పచ్చిమిరప, చెనక్కాయల పొడి, ఆ పైన నేను తెచ్చిన చీజ్ తురుము వేసి మూత పెట్టింది. జీవితంలో పిజ్జా చూడని మనిషి, పన్నెండు మందికీ సరిపోయేలా చకచకా దించుతూనే ఉంది.

పాస్టరమ్మ మూడు తిని చేయి కడుక్కుంది. "శానా బాగుండాది. ఎవురు చేసినారు?"

"మా కోడలు" అంది మా అత్తగారు, తడుముకోకుండా. "పిండి కలిపేదే కష్టమమ్మా. కాల్చేది ఎవురైనా కాలుస్తారు."

నా కళ్లు చెమ్మగిల్లాయి. ఈ మనిషికి జీవితాంతం రుణపడి ఉంటాననుకునేంతలో పాస్టరమ్మ అంది: "అట్లయితే క్రిస్మస్‌కు చర్చికంతా కేకులు నీవే చేయల్ల పాపా."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతకంటే ముందు మా అత్తగారి నోరు తెరుచుకుంది.

"దానికేముండాది? చేస్తాది!"

అప్పుడే, ఆ పన్నెండు మంది సాక్షిగా, మనసులో ప్రమాణం చేశాను. ఊపిరి పీల్చే పిండిని ఇంకెప్పుడూ ఒంటరిగా వదిలి ప్రార్థనకు వెళ్లను. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, దాన్ని కూడా చర్చికి తీసుకెళ్లి, ముందు వరసలో ఒడిలో కూర్చోబెట్టుకుంటాను. ప్రసంగం ఎక్కువసేపు సాగితే అదే లేచి నిలబడుతుంది.