పావు చుట్టు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ముల్లు మేస్త్రే. టైర్ల కొట్టుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు, అందులో రెండు కార్లు నిలబెడితే మనిషి పక్కకి తిరగడానికి కూడా చోటుండదు. అక్కడ జరిగే పని ఒక్కటే. టర్బో ఉన్న కార్లకి ఆయిల్ వేడి చూపించే మీటరు ఒకటి, ఆయిల్ ప్రెషర్ చూపించే మీటరు ఒకటి బిగించడం. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఇదే చేస్తున్నాడు, ఆ మీటర్లలో కదిలే ముళ్ల వల్లే ఆ పేరు.

కంపెనీవాడు ఎర్ర లైటు ఇచ్చాడుగా, మళ్లీ ఇవెందుకు అని ఎవరైనా అడిగారా, చిక్కిపోయారన్నమాటే. పని ఆపి, చేతులు తుడుచుకుని పాఠం మొదలుపెట్టేవాడు. ఇంజనులోకి గాలి దట్టించే ఆ టర్బో లోపలి చక్రం నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. తిరిగేది ఇనుము మీద కాదు, వెంట్రుక మందమైనా లేని ఆయిల్ పొర మీద. ఆ పొర ఎంత వేడెక్కిందో, ఎంత బలంగా వస్తోందో తెలియకుండా బండి తోలడమంటే కళ్లకు గంతలు కట్టుకుని మెట్లు దిగడమే. ఎర్ర లైటు వెలిగేది అంతా అయిపోయాక. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ సామెత దగ్గరికి వచ్చేసరికి ఎంత మొండివాడైనా తాళంచెవి ఆయన చేతిలో పెట్టేవాడు.

ఆయన గొప్పంతా వేళ్లలోనే ఉండేది. ఇంజను గోడకున్న పాత సెన్సారు విప్పి, ఆ రంధ్రంలో మూడు మూతుల ఇత్తడి జాయింటు ఎక్కించి, ఒక మూతికి పాతదీ ఇంకో మూతికి కొత్తదీ బిగించాలి. ఇత్తడి మెత్తన. వదులైతే ఆయిల్ కారుతుంది, బిగువెక్కువైతే మెడ దగ్గర కంటికి కనపడని చీలిక పడుతుంది. ఎక్కడ ఆపాలో నట్టు మరే చెబుతుంది, వినే వేళ్లుండాలి అనేవాడు. బిగించాక నట్టు మీది నుంచి ఇంజను మీదికి భార్య గోళ్ల రంగుతో సన్నగా ఎర్ర గీత గీసేవాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. ఆ గీత ఉన్న జాయింటుని వీధిలో మరో మెకానిక్కు తడిమి కూడా చూసేవాడు కాదు. చూస్తే ఆయన్ని అనుమానించినట్టే లెక్క.

కిందటేడు బావమరిది ఒక టార్క్ రెంచి తెచ్చిచ్చాడు. ఎంత బిగువు కావాలో దాని మీద పెట్టుకుంటే, అంతకి చేరగానే టక్కుమని చెప్పే పనిముట్టు. ముల్లు మేస్త్రి దాన్ని అట్టపెట్టెలోంచైనా తియ్యకుండా గోడకి తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, చెయ్యి లేనివాడికి కర్ర ఊతమని నవ్వేవాడు. బావమరిది కూడా నవ్వేవాడు. వాడికి బావంటే అంత ఇది.

ఆర్నెల్ల కిందట ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకుని మాట్లాడుతూ నిలబడ్డాడు. మాట అయ్యేసరికి వేళ్ల మీద బొబ్బలు. కాలుతున్నట్టే తెలియలేదు. డాక్టరు సూదితో అక్కడా ఇక్కడా గుచ్చి, ఏళ్ల తరబడి మీటర్ల పట్టీలు అరగదీసే గ్రైండింగ్ మిషను అదురుకి నరాలు చచ్చుబడ్డాయన్నాడు. స్పర్శ తిరిగొచ్చేది అనుమానమే, సన్నపని మానుకోమన్నాడు. డాక్టరు రాసిచ్చిన చీటీ నాలుగు మడతలు పెట్టి పాత బ్యాటరీ కింద దాచాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే ముల్లు మేస్త్రి ఏమవుతాడు? ఉత్త మేస్త్రి అవుతాడు, అలాంటివాళ్లు వీధికి పదిమంది.

ఇంట్లో మాత్రం చొక్కా బొత్తాల దగ్గర చిక్కొచ్చింది. ఎంత తంటాలు పడినా బొత్తం కాజాలో దూరేది కాదు. భార్య చూసి, ముసలాడికి ముద్దులెక్కువయ్యాయి అంటూ తనే పెట్టడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు కింది నుంచి పైకి ఆరు బొత్తాలు. ఆమె అది సరసమనుకుంది. ఆయన అనుకోనిచ్చాడు.

షెడ్డులో కూడా ఒక కిటుకు కనిపెట్టాడు. మర చెప్పేది వినపడటం లేదు కాబట్టి, చాలు అనిపించాక భద్రతకి ఇంకో పావు చుట్టు. కారడం కంటే బిగువే మేలు కదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ఊరందరికీ తెగేదాకా లాగొద్దని చెప్పిన మనిషి!

అప్పుడే బావమరిది పాత టర్బో కారొకటి కొన్నాడు. కొండ మీది ఊళ్లకి సరుకులు చేరవేసే పని వాడిది, రోజుకి మూడుసార్లు ఎక్కి దిగాలి. భార్య పట్టుబట్టింది. నలుగురికీ మీటర్లు పెడతారు, నా తమ్ముడికి పెట్టరా అంది. ఏం చెప్పి తప్పించుకుంటాడు?

ఒక మధ్యాహ్నం బండి షెడ్డులోకి వచ్చింది. బావమరిది టూల్ పెట్టె మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. ముల్లు మేస్త్రి ఫిల్టరు దగ్గర వేడి మీటరు సెన్సారు పెట్టాడు, వైర్లు లాగాడు, స్టీరింగు పక్కన రెండు మీటర్లూ కూర్చోబెట్టాడు. చివర్లో ఇత్తడి జాయింటు. ఇరుకులో చెయ్యి పెట్టి తిప్పాడు. ఏమీ తెలియలేదు. గోడ మీది అట్టపెట్టె కేసి ఒకసారి చూశాడు. దాన్ని ఇప్పుడు దించితే వీడి ముందే దించాలి. దించలేదు. ఇంకో పావు చుట్టు తిప్పి, ఎర్ర గీత గీసి, ఇంజను వెయ్యమన్నాడు. ముల్లు లేచి నిటారుగా నిలబడింది. బావమరిది చప్పట్లు కొట్టాడు.

తొమ్మిదో రోజు ఎత్తెక్కుతుండగా ఆ ముల్లు సున్నాకి పడిపోయింది. బావమరిది వెంటనే ఇంజను ఆపి, బండి పక్కకి తీసి దిగాడు. ఏమైందో చూద్దామని బానెట్టు ఎత్తాడు. కాగిపోయిన టర్బో మీద ఆయిల్ చిందివుంది, గాలి తగలగానే భగ్గుమంది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి మొహం మిగిలింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

ఆసుపత్రిలో వాడు అన్న మొదటి మాట బావ గురించే. ముల్లు చూసి ఆపాను కాబట్టి బతికాను, లేకపోతే లోయలోకి పోయేవాణ్ణి అన్నాడు. భార్య ఆ మాట బంధువులందరికీ చెప్పింది. వీధంతా పాకింది. ఆ వారం షెడ్డు ముందు కార్లు బారుతీరాయి, మాకూ ఆ ముళ్లు పెట్టమని. ముల్లు మేస్త్రి రేపు రమ్మని పంపించేశాడు. రేపు వస్తే ఎల్లుండి అన్నాడు.

కాలిన బండిని పాత ఇనుము కొట్టు వెనకాల పడేశారు. ఆయన ఒక్కడే వెళ్లాడు. మసి తుడిచి చూస్తే, మంట అంతగా తగలని ఆ మూల గీత అలాగే ఉంది, ఎక్కడా విరగలేదు. నట్టు వెంట్రుకంత కూడా కదల్లేదు. చీలింది దాని కింద ఇత్తడి మెడ. చీలిక లోపలి అంచు నల్లబడి ఉంది, బయటి అంచు ఇంకా పచ్చగా మెరుస్తోంది. అంటే బిగించిన రోజునే సగం చీలింది, మిగతా సగం కొండదారి చీల్చింది. బావమరిదిని బతికించిన ఆ ముల్లు అసలు పెట్టకపోయుంటే, వాడికి ప్రాణగండమే వచ్చేది కాదు.

నాలుగు రోజులు ఆ ముక్క జేబులోనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలుసు. చెప్పకపోతే ఎవరూ అడగరు, అడిగినా దండం పెట్టి అడుగుతారు. ఆ దండాలే ఆయనకి తిండి సయించనివ్వలేదు.

ఐదో రోజు ఆసుపత్రికి వెళ్లేసరికి భార్య తమ్ముడికి చెంచాతో గంజి తాగిస్తోంది. కట్లు అప్పుడే మార్చినట్టున్నారు, వేళ్ల కొసలు బయటికి కనపడుతున్నాయి. ముల్లు మేస్త్రి ఇత్తడి ముక్క తీసి దుప్పటి మీద పెట్టాడు.

"నా చేతి వల్లే కాలిందిరా. ఎక్కువ బిగించాను. నా వేళ్లకి స్పర్శ పోయి ఆర్నెల్లయింది, చెప్పలేదు."

బావమరిది ఆ ముక్కని తీసుకోబోయాడు. వేళ్లు దాని మీద పడ్డాయి గానీ పట్టుకోలేకపోయాయి, అది జారి నేల మీద పడింది. ఆయన వంగి తీసి మళ్లీ అక్కడే పెట్టాడు. వాడు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది.

"డాక్టరు నాక్కూడా స్పర్శ రాదంటున్నాడు బావా," అన్నాడు. "ఎలా ఉంటుంది? నీకు తెలుసుగా, చెప్పు."

ముల్లు మేస్త్రి తన వేళ్ల కేసి చూసుకున్నాడు. "కొన్నాళ్లకి లేనట్టే తెలియదురా. అదే భయం."

భార్య గిన్నె కింద పెట్టింది. కొంగుతో తమ్ముడి మూతి తుడిచింది. మొగుడి వైపు తిరగలేదు.

"రోజూ బొత్తాలు పెట్టించుకున్నారే," అంది. "అప్పుడన్నా చెప్పాల్సింది."

ఆయన వచ్చేశాడు. దారిలో షెడ్డు దగ్గర ఆగి, ఎదురుచూస్తున్న ముగ్గురికీ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆర్నెల్లుగా బిగించిన ప్రతి బండినీ వెనక్కి తెమ్మన్నాడు. గోడ మీది అట్టపెట్టె దించి పక్క మెకానిక్కు చేతిలో పెట్టి, ఎర్ర గీత చూసి మోసపోవద్దు, అన్ని జాయింట్లూ విప్పేసి కొత్తవి దీంతో బిగించమన్నాడు. వాడు పెట్టె తీసుకున్నాడు గానీ ఆయన మొహంలోకి చూడలేదు.

భార్య సాయంత్రం వచ్చింది, వంట చేసింది, కంచం ముందు పెట్టింది. పొద్దున ఆయన చొక్కా తొడుక్కుని ఎప్పటిలాగే అద్దం ముందు నిలబడ్డాడు. ఆమె గంజి గిన్నె సంచిలో సర్దుకుని, చెప్పులేసుకుని ఆయన పక్క నుంచే ఆసుపత్రికి వెళ్లిపోయింది. ఆయన కింది బొత్తం అందుకున్నాడు. అది వేళ్ల మధ్య ఉందో లేదో అద్దంలో చూసుకుంటే గానీ తెలియలేదు.