వణికిన మానిటర్

రాజాంలో నేను డీటీపీ షాపు నడిపే రోజుల్లో, ఒక ఎండాకాలం, నా పాత డబ్బా మానిటర్లో అక్షరాలు ఒకటే వణికేవి. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, నెత్తిన మొట్టాను, నోటికొచ్చినట్టు తిట్టాను. అర్జీ టైపు చేయించుకోడానికి వచ్చిన ముసలమ్మ చూసి జాలిపడింది.

"దాన్నెందుకు కొడతన్నావురా బాబూ? పక్కనే ఫేనెట్టినావు, సలేసి వణికిపోతన్నాది. ముందది ఆపీ!"

నాకు ఒళ్లు మండింది. ఆమె మాట తప్పని చూపించాలనే ఫ్యాన్ ఆపాను. వణుకు ఆగిపోయింది! ఫ్యాన్ మోటారులోని అయస్కాంత శక్తే తెర మీది అక్షరాలను కదిలిస్తోందని అప్పుడు వెలిగింది. ఆ సంగతి చెప్పబోయాను. అప్పటికే చెమటతో తడిసిన నాకు ఆమె కొంగుతో విసురుతోంది, గాలి మానిటర్‌కు తగలకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి.