లేని రెండెకరాలు

నా చిన్నప్పుడు, శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా బాపు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. మాది చంద్లాపూర్. ఇప్పుడు జనం రిజర్వాయరు కట్ట మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారే, ఆ నీళ్ల వైపే అప్పట్లో మా బాపు కల్లు గీసే చెట్లు ఉండేవి. నడుముకు చుట్టుకున్న మోకు జారిందో, కాలు పట్టు తప్పిందో ఆయనకే తెలియదు. పక్క చెట్టు మీదున్న మా చిన్నాయన కేక విని దిగి వచ్చేసరికి బాపు చెట్టు మొదట్లో ముడుచుకుని పడి ఉన్నాడట. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద పడుకోబెట్టి సిద్దిపేట సర్కారు దవాఖానకు తీసుకొచ్చారు. తొడ ఎముక రెండుగా విరిగింది.

నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే అమ్మ తమ్ముణ్ణి నాయనమ్మకు అప్పగించి, నన్ను మాత్రం వెంట ఉంచుకుంది.

ఎముకల డాక్టరు గురువారం గురువారమే ఆపరేషన్లు చేసేవాడు. మంచానికీ మందులకూ ఆపరేషనుకూ పైసా అక్కర్లేదు. కానీ ఎముక లోపల వేసే ఉక్కు కడ్డీని బయటి నుంచి తెప్పించాలి. దాని ఖరీదు విని అమ్మ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి కూర్చుండిపోయింది. డాక్టరు మంచివాడు. లేనివాళ్లకు దవాఖానలోనే సాయం దొరుకుతుందనీ, వరండా చివరి గదిలో ఉండే సారుకు ఇంటి సంగతులు చెప్పి దరఖాస్తు రాయించుకుంటే పెద్ద డాక్టరు సంతకం పెడతాడనీ చెప్పాడు. తొందరగా చేయించుకోండి, ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది అని కూడా అన్నాడు. అది సోమవారం.

సరిగ్గా అప్పుడే బాపును ఎక్స్‌రే కోసం తీసుకుపోతున్నారు. పట్టుకోవడానికి అమ్మ ఉండాలి. "నువ్వు పోయి లైన్ల నిలవడు బిడ్డా. సారు అడిగింది చెప్పు. వేలిముద్ర నేనొచ్చి ఏస్త" అని నన్ను పంపింది.

లైనులో పెద్దవాళ్ల మధ్య నిలబడ్డాను. నా వంతు ఇంకా ఇద్దరి తర్వాత అనగా, పక్క కిటికీ దగ్గర కళ్లకు చూపించుకోవడానికి చీటీ తీసుకుంటున్న మా బడి పిల్ల కనిపించింది. వాళ్ల అమ్మతో వచ్చింది. వాళ్లకు ఊళ్లో రెండు బావులు, మోటార్లు ఉండేవి. మా బడిలో పేద పిల్లలకు ఉచితంగా నోటు పుస్తకాలు ఇచ్చేరోజు పేరు పిలిచి ఒక్కొక్కరినీ లేపేవారు. నా పేరు పిలిచినప్పుడల్లా ముందు బెంచీలోంచి ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసేది. వెక్కిరించేది కాదు. ఊరికే చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇప్పుడూ అట్లాగే చూస్తోంది.

సారు పెన్ను తెరిచి, వరండా అంతా వినిపించేట్టు అడిగాడు. ఆ గోలలో గట్టిగా అడగక తప్పదు మరి.

"రేషన్ కార్డు ఉన్నదా?"

"లేదు సారూ. తాత నుంచి ఏరువడ్డంక మాకింకా రాలే."

"మరి భూమి ఉన్నదా?"

నేను పక్క కిటికీ వైపు చూశాను. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. "ఉన్నది."

"ఎంత?"

"రెండెకరాలు."

ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. రెండు బర్రెలన్నాను. పెంకుటిల్లన్నాను. మా ఇల్లు తాటాకులది. బర్రె సంగతి దేవుడెరుగు, మా పెరట్లో మేక కూడా లేదు. సారు కళ్లద్దాల మీది నుంచి నన్నొకసారి చూసి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. కాసేపటికి అమ్మ పరుగున వచ్చి వేలిముద్ర వేసింది. దాంట్లో ఏముందో అమ్మకు తెలియదు. నాకు తెలుసు.

మర్నాడు సారు అమ్మను పిలిచి, మండలాఫీసు నుంచి ఆదాయం కాగితం తెమ్మన్నాడు. అది అందరూ తేవలసిందే కాబోలనుకుని అమ్మ బస్సెక్కింది. ఆ రోజు అక్కడి ఆఫీసరు ఊళ్ల మీదికి పోయాడట. బుధవారం మళ్లీ పోయింది. చెట్టు కింద పొద్దుగూకేదాకా కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చింది. భూమి ఉందని నేను చెప్పబట్టే ఆ కాగితం అడిగారని నాకు అర్థమైంది. ఎట్లాగంటే, మా ముందు ఏమీ లేదని చెప్పిన ఒక ముసలాయనకు కార్డు లేకపోయినా ఊరి సర్పంచు చీటీతోనే పని జరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఆ మూడు రోజులూ నేను ఒక్కచోట కూర్చోలేదు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. దాహం లేకపోయినా నల్లా దగ్గరికి పోయి నీళ్లు తాగేదాన్ని. వార్డులోకొస్తే, విరిగిన ఎముక జరగకుండా బాపు కాలికి కట్టిన తాడు చివర ఇటుకలు వేలాడుతూ ఉండేవి. అవి కదిలినప్పుడల్లా బాపు పళ్లు బిగబట్టేవాడు. నన్ను చూసి మాత్రం నవ్వేవాడు. "నా కాలు నడుస్తలేదని నువ్వు నడుస్తున్నవా బిడ్డా?" అన్నాడొకసారి. నాకు నవ్వు రాలేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది. అమ్మ ముఖం చూడగానే మళ్లీ లోపలికి పోయేది.

గురువారం వచ్చింది. నలుగురిని ఆపరేషనుకు తీసుకుపోయారు. బాపును తీసుకుపోలేదు. పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా, ఒకవేళ పిలుస్తారేమోనని బాపు తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి, ఇక వచ్చే వారమే అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

పక్క మంచం మీద తుంటి ఎముక విరిగిన తాత ఒకాయన ఉండేవాడు. ఆయనకు తోడుగా వాళ్ల ముసలవ్వ ఉండేది. సిద్దిపేట పద్మశాలీల అవ్వ. ఏ పనీ లేకపోయినా ఆమె కుడిచేయి మగ్గానికి నూలు కండెలు చుడుతున్నట్టు గాలిలో తిరుగుతూనే ఉండేది. మూడు రోజులుగా నా తిరుగుడూ, ఆ చివరి గది దాకా పోయి వెనక్కి రావడమూ చూస్తూనే ఉందట. ఆ మధ్యాహ్నం చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆట ఆడుదాం పా. నువ్వు ఆ గదిల సారువు. నేను మీ అమ్మను. దరఖాస్తు రాసుకో" అని, చీపురు పుల్ల ఒకటి విరిచి నా చేతికిచ్చింది.

నేను సారులాగా గొంతు పెంచి అడిగాను. "భూమి ఉన్నదా?"

అవ్వ చేతులు కట్టుకుని, నెమ్మదిగా, అచ్చం మా అమ్మ గొంతుతో చెప్పింది. "జానెడు జాగ లేదు సారూ. ఆయన చెట్టెక్కితేనే మా పొయ్యి మీద కుండెక్కుతది. ఇద్దరు చిన్న పిల్లలు. ఇప్పుడు ఆయన కాలిరిగింది. నువ్వు దయచూడుమని అడుగుతలేను. ఉన్నది ఉన్నట్టు రాసుకొమ్మంటున్న."

నేను పుల్లతో నేల మీద రాయబోయాను. చేయి రాలేదు. ఆ పుల్ల వదిలేసి అవ్వ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఎంతసేపటికో చెప్పాను. రెండెకరాలు, రెండు బర్రెలు, పెంకుటిల్లు, అన్నీ.

అవ్వ తిట్టలేదు. కోప్పడనూ లేదు. గాలిలో తిరిగే ఆమె కుడిచేయి ఆగింది. తర్వాత తాత వినకుండా నా చెవిలో అంది. "నేనూ గదే సారుకు అబద్ధమే చెప్పిన బిడ్డా. నా కొడుకులిద్దరు భీవండిల బట్ట నేసే సాంచెలు నడుపుతరు, నెలనెలా పైసలు పంపుతరని రాయించిన. మూడేండ్లాయె వాళ్ల కాడికెల్లి ఒక్క ఉత్తరం లేదు. నా కొడుకులు నన్ను ఇడిసిపెట్టిన్రని అంతమంది ముంగట ఎట్ల చెప్పుదు? గా మాటకే మా ముసలాయన నెలసంది గీ మంచంల ఉన్నడు."

నేను తలెత్తి చూశాను. అంత పెద్దమనిషి కూడా నాలాగే చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"రేపు పొద్దుగాల ఇద్దరం పోదాం. ముందుగాల నేను చెప్త. కానీ ఇయ్యాల మీ అమ్మకు నువ్వే చెప్పాలె. గది నేను చెప్పను" అంది.

అమ్మ నల్లా దగ్గర ఉంది. చెప్పాను. కొడుతుందనుకున్నాను. చేయి లేపింది కూడా. ఆ చేత్తోనే నల్లా తిప్పి, నా ముఖం కడిగి, అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి జడ వేసింది. తల నొప్పి పుట్టేంత గట్టిగా అల్లింది. అంతా అయ్యాక, "బాపుకు చెప్పకు" అని ఒక్క మాట అంది.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం ఆ గది ముందుకు పోయాం. అప్పటికే పదిమంది ఉన్నారు. మా వంతు వచ్చాక అవ్వ కిటికీ పట్టుకుని, గొంతు తగ్గించకుండా అంది. "సారూ, నెల కింద నేను నీకు అబద్ధం చెప్పిన. నా కొడుకులు నన్ను చూస్తలేరు. గది కొట్టేసి మళ్ల రాయి."

లైనులో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. అవ్వ మెడ నిటారుగానే ఉంది. కిటికీ చువ్వ పట్టుకున్న వేళ్లు మాత్రం వణికాయి. ఆ వేళ్లను చూశాకే నాకు ధైర్యం వచ్చింది. ఆమెకు భయం లేదని కాదు, భయం ఉండగానే మాట్లాడిందని. నేను ముందుకు జరిగి, మాకు భూమి లేదనీ, నేనే అబద్ధం చెప్పాననీ, అమ్మకు తెలియదనీ చెప్పాను.

సారు కళ్లద్దాలు తీసి మా వైపు చూశాడు. "ఉన్నోళ్లు లేదని చెప్పుడు నాకు తెల్సు. లేనోళ్లు ఉన్నదని చెప్తరని నేననుకోలే" అన్నాడు. లేచి గది తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలిచి, స్టూళ్ల మీద కూర్చోబెట్టాడు. తలుపు దగ్గరికి వేసి, ఈసారి మెల్లగా అడిగాడు. ఎందుకు అబద్ధం చెప్పావని మాత్రం అడగలేదు. పాత దరఖాస్తులు రెండూ పక్కన పెట్టి కొత్తవి రాశాడు. మాకు సర్పంచు చీటీ, అవ్వకు కౌన్సిలరు చీటీ తెస్తే చాలన్నాడు. సాయంత్రానికి చిన్నాయన సైకిలు మీద మా చీటీ పట్టుకొచ్చాడు. శనివారం రెండు దరఖాస్తుల మీదా పెద్ద డాక్టరు సంతకం అయింది.

తర్వాతి గురువారం ముందు పక్క మంచం తాతను, ఆయన తర్వాత బాపును లోపలికి తీసుకుపోయారు. తలుపు బయట అవ్వ, అమ్మ, నేను వరుసగా నిలబడ్డాం. ఆ రోజు అమ్మ కూడా కూర్చోలేకపోయింది.

బాపు లేచి నడిచాడు. కానీ ఆ కాలు వేలెడు పొట్టిదైంది. ఎముక విరిగిన తీరే అట్లా ఉందనీ, వారం ముందు చేసినా అంతేననీ డాక్టరు అన్నాడు. అమ్మ ఆ మాట నమ్మింది. నేను నమ్మానో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. బాపు మళ్లీ చెట్టెక్కలేదు. ఊరి మూలమలుపు దగ్గర సైకిలు పంక్చర్లు వేస్తూ మమ్మల్నిద్దరినీ చదివించాడు. ఆయన వీధిలో కుంటుకుంటూ నడిచి వస్తుంటే ఆ అడుగుల చప్పుడు నాకు అందరికంటే ముందు వినిపించేది.

ఆయన బాగా పెద్దవాడయ్యాక ఒకనాడు ఉండబట్టలేక చెప్పేశాను. బాపు మీసం దువ్వుకుంటూ విన్నాడు. చివరికి, "నన్నడిగితే నాలుగెకరాలు రాయించేటోణ్ణి బిడ్డా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత నేనొక్కదాన్నే పెరట్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు నేను సిద్దిపేటలోనే ఉంటున్నాను. అంగన్‌వాడీలో చేసి మానేశాను. దవాఖాన బిల్లుల సాయం కోసం దరఖాస్తు రాయాలన్నా, ఆన్‌లైనులో ఎక్కించాలన్నా మా వాడకట్టు వాళ్లు నా దగ్గరికి వస్తారు. ముంగిట్లో ఎంతమంది ఉన్నా, ముందు ఆ మనిషిని లోపలి గదిలోకి తీసుకుపోతాను. గట్టిగా అడగను. మొన్న గల్ఫు నుంచి తిరిగొచ్చిన ఒకాయన, కిడ్నీల జబ్బుతో కాళ్లు వాచి ఉండి కూడా, మాకేం తక్కువ లేదమ్మా అన్నాడు. ఆ మాట వినగానే నాకు పదేళ్ల వయసులో పట్టుకున్న తిరుగుడు మళ్లీ కాళ్లలోకి వచ్చింది. లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. పెన్ను పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎవరు వచ్చినా అంతే. వాళ్లు చెప్పే మొదటి జవాబును నేను వెంటనే రాయను.