కళ్లెదుట పెట్టించిన పెట్టె

కృపారాణి గారు మండపేట దగ్గర మా హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా బయాలజీ చెబుతున్నారు. పునరుత్పత్తి పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేయని టీచరు, నాకు తెలిసి, ఆవిడొక్కరే. అందుకు ఆవిడ మీద వెళ్లిన ఆకాశరామన్న ఉత్తరాలకు లెక్కలేదు.

నిరుడు ప్రభుత్వమే ఆ పాఠాలు చెప్పమంది. ట్రైనింగిచ్చి, పిల్లలు పేరు రాయకుండా తమ అనుమానాలు రాసి వేయడానికి తాళం ఉన్న పెట్టె ఒకటి పంపింది. హెడ్మాస్టరు భాస్కరం గారికి ఒళ్లు మండింది.

“ఇవన్నీ బళ్లో చెప్పాలా అండి? పెళ్లయితే వాటంతటవే తెలుస్తాయి” అని స్టాఫ్ మీటింగులో తేల్చేశారు. పెట్టెను తన గది గుమ్మం పక్కన, తన కళ్లెదుటే పెట్టించారు. ఇక ఏ పిల్ల అక్కడికి వెళ్లి చీటీ వేస్తుంది? నెల తర్వాత కృపారాణి గారు తాళం తీస్తే ఒకే ఒక్క చీటీ ఉంది.

‘నా భార్యకు నలభై తొమ్మిదేళ్లు. ఒళ్లంతా ఆవిర్లంటోంది, నిద్ర పట్టదంటోంది, పలకరిస్తే కసురుతోంది. ఏమైనా జబ్బా?’

రాసింది ఆకుపచ్చ సిరాతో. మా బళ్లో ఆ సిరా వాడేది గెజిటెడ్ హోదా ఉన్న హెడ్మాస్టరు గారొక్కరే.

ఆవిడ చీటీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లారు. అది జబ్బు కాదని, ముట్లు ఆగిపోయే వయసులో అలా ఉంటుందని, ఒకసారి డాక్టరమ్మకు చూపించమని కుర్చీ వేసుకుని మరీ పాఠం చెప్పారు. లేస్తూ ఒక్క మాట అడిగారు.

“మీకు పెళ్లయి ఎన్నేళ్లయిందండీ?”